ఫోకస్

పదో తరగతికి కటకాల పాఠం. పుస్తకంలో ‘నాభి’ అని ఉంటుంది. ఆ మాట వింటే పిల్లలకు బొడ్డు గుర్తొస్తుంది. ‘ఫోకస్’ అంటే పెళ్లి ఊరేగింపులో లైట్లు, లేదంటే ఫోన్ కెమెరా. అందుకే ఆ రోజు భూతద్దం పట్టుకుని అందరినీ ఎండలోకి తీసుకెళ్లాను.

కాగితం మీద పెన్సిలుతో నల్లగా రుద్ది, పైన అద్దం పెట్టాను. రూపాయి బిళ్లంత వెలుగు వణికింది. అద్దాన్ని మెల్లగా జరిపేసరికి ఆవగింజంత అయింది. సన్నగా పొగ లేచింది, అంచు ఎర్రబడి కన్నం పడింది.

“ఇదే ఫోకస్. లాటిన్‌లో ఈ మాటకు అర్థం పొయ్యి! 1604లో కెప్లర్ కాంతి గురించి రాసిన పుస్తకంలో దీర్ఘవృత్తం లాంటి వక్రాల్లోని నాభులకు ఆ పేరు పెట్టాడు. 1609లో, గ్రహాలు తిరిగే దీర్ఘవృత్తంలో సూర్యుడు ఉండేది కూడా ఒక నాభి దగ్గరేనని చెప్పాడు. ఏకాగ్రత అన్న అర్థం చాలా తర్వాత వచ్చి చేరింది” అన్నాను. ఈ మాటంటే నాకు ఎంతో ఇష్టం. చెబుతుంటే గొంతు దానంతటదే పెరిగింది.

మూడో బెంచీ అమ్మాయి కన్నార్పకుండా వింటోంది. నాకు ఆశ్చర్యమేసింది. రోజూ మొదటి పీరియడ్‌లోనే తూగే పిల్ల. నేను ఏడింటికి గదికొచ్చే ఇడ్లీ పార్సిలు తిని, తొమ్మిదికల్లా బడిలో ఉంటాను. క్లాసులో ఎవరైనా తూగితే ఒళ్లు మండుతుంది. ఒకసారి ఆ పిల్లని “కడుపునిండా టిఫిన్ తిని వచ్చావా, నిద్ర ముంచుకొస్తోంది?” అని అందరి ముందూ అన్నాను. ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్ర సిరాతో రాశాను: ‘ఫోకస్ లేదు.’

అందరూ లోపలికి వెళ్లాక ఆ పిల్ల ఆగింది.

“సార్, ఫోకస్ అంటే నిజంగా పొయ్యేనా?”

“అవునమ్మా.”

“అయితే ఇది కొట్టేస్తారా సార్?” అంటూ కార్డు చాపింది. గోళ్ల సందుల్లో మసి. బొటనవేలి పక్కన ఒక పాత కాలిన మచ్చ, దాని మీదే ఇంకా ఆరని కొత్తది.

“నాలుగింటికి పొయ్యి అంటించేది నేనే సార్. పొగకు అమ్మకి ఆయాసం. బస్టాండు దగ్గర ఇడ్లీ బండి మాదే. మొదటి వాయి ఒక్కోసారి గట్టిగా వస్తుందని, మీ పార్సిల్లో ఎప్పుడూ రెండో వాయివే కడతాను.”