అందరి పేరూ రవే

నిజామాబాద్ జిల్లా చందూర్ పిల్లలు ఇంగ్లీషులో దూసుకుపోతున్నారు. నమ్మకపోతే బడిలో మార్కుల రిజిస్టర్ చూడండి. పక్కన రుద్రూర్‌లోనూ అదే వరస.

2022లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. చదవడం, రాయడం నేర్పే ‘తొలిమెట్టు’ ఆ ఆగస్టులో వచ్చింది. ముందు మీడియం, ఆనక అక్షరాలు.

ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్)కు 50 మార్కులు. స్లిప్ టెస్టుకు 20. మిగతా 30 నోటుబుక్కుకు, ప్రాజెక్టుకు, క్లాసులో పాల్గొన్నందుకు. ప్రాజెక్టంటే దుకాణంలో కొన్న ఏనుగు బొమ్మ, అంటించింది నాయన. పాల్గొనడమంటే తలూపడం.

నోటుబుక్కులో ‘మై నేమ్ ఈజ్ రవి’ అని ముత్యాల్లాంటి రాత. క్లాసులో అందరి పేరూ రవే, ఆడపిల్లలతో సహా. బోర్డు మీద అట్లనే ఉంది మరి! పెద్దక్షరం సరే, చివర చుక్క సరే, పదికి పది. ఒక్క పిల్ల మాత్రం తెగించి సొంత పేరు రాసింది. స్పెల్లింగు తప్పింది. రెండు మార్కులు కోత.

ఇక చదివించాలంటే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి వినాలి. రెండు మూడు తరగతులు చూసుకునే సారుకు అంత పొద్దేదీ?

“చదువుతవారా?”

“చదువుత సార్.”

ఏ గ్రేడు. ఆన్‌లైన్‌లో ఎక్కించుడే తరువాయి.

శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో కాటా కాడ చెరకు రైతు కండ్లు ముల్లు మీదే ఉండేవి. బడిలో బండీ సారుదే, కాటా సారుదే. తూకం తగ్గితే సంజాయిషీ కూడా సారే ఇచ్చుకోవాలి. తగ్గుతదా?

ఇది మన దగ్గరే అనుకోకండి. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఐదారేండ్ల పిల్లలకు చదివే పరీక్ష ఉంది. 40 మాటలు, బట్టీ పనిచేయకుండా సగం అర్థంలేనివి. 32 చదివితే గట్టెక్కినట్టు. వినేది వాళ్ల టీచరే. మొదటి ఏడు 31 దగ్గర ఎవరో కొద్దిమంది, 32 దగ్గర జాతర! ఆ తర్వాత గీత ఎక్కడో ముందే చెప్పడం మానేశారు దొరలు.

2005 నుంచి ‘అసర్’ సర్వేవాళ్లని కొందరు పల్లెల్లో తిరుగుతుంటారు. బడికి కాదు, ఇంటికే వస్తారు. కొన్నేండ్లలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, మాటలు, చిన్న వాక్యాలు ఉన్న కాగితం కూడా ముందుపెట్టి చదవమన్నారు. మన ఏ గ్రేడు రవి ముందు పెట్టారనుకోండి, ఏమంటాడు?

“బోర్డు మీద రాయుండ్రి సార్, చూసి రాస్త.”