పదో క్లాసు నుంచీ నడుపుతున్నాడట!

రెడ్‌మండ్‌లో వానలు జులైకి గానీ పూర్తిగా తెరిపివ్వవు. ఎండ కాసిన మొదటి వారంలోనే తెలుగువాళ్ళ గరాజ్ తలుపులు ఒకటొకటిగా పైకి లేస్తాయి. లోపల కారు పక్కన కొత్త బైకు. కొన్నవాడు మైక్రోసాఫ్ట్‌లోనో, దాని చుట్టూ అల్లుకున్న కంపెనీల్లోనో ఇంజినీరు. 520 రోడ్డు మీద కార్‌పూల్ లేన్‌లోకి కారు వెళ్ళాలంటే పక్కన మనుషులుండాలి, బైకుకు ఒక్కడు చాలు అన్న లెక్క అతనికి కంఠతా వచ్చు. లైసెన్సు మీద మోటార్‌సైకిల్ ఎండార్స్‌మెంట్ లేకుండా ఆ బండి రోడ్డెక్కకూడదన్న సంగతి మాత్రం ఎవరైనా చెప్తే ఆశ్చర్యపోతాడు. తెలియక కాదు. తనకి కూడా వర్తిస్తుందంటారా అని.

శనివారం పాట్‌లక్‌లో బిర్యానీ ప్లేటు చేత్తో పట్టుకుని అతను వినిపించే వాదన ఒకటే. "బండి నడపడం వీళ్ళు నాకు నేర్పుతారా? పదో క్లాసు నుంచీ నడుపుతున్నా!" చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపుతారు. వాళ్ళూ పదో క్లాసు నుంచే మరి.

అనుభవానికి రుజువుగా అతను చూపిస్తున్నది నిజానికి నేరాంగీకారం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం గేర్ల బండికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. పదహారేళ్ళకు దక్కేది 50 సీసీ దాటని బండి మాత్రమే. పదో క్లాసు పిల్లాడికి పదిహేను. అదే పని ఇవాళ చేస్తే 2019 సవరణ ప్రకారం నాన్నగారికి మూడేళ్ళ దాకా జైలు, ఇరవై ఐదు వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఉద్యోగం అడగడానికి వెళ్ళినవాడు జేబులు కొట్టిన అనుభవాన్ని రెజ్యూమేలో రాసుకోడు. ఇతను మాత్రం నలుగురిలో గర్వంగా చెప్పుకుంటాడు.

వాషింగ్టన్ రాష్ట్రం అడిగేది గొంతెమ్మ కోరికేమీ కాదు. అనుమతి ఉన్న శిక్షణ సంస్థ దగ్గర రాతపరీక్ష, నడిపే పరీక్ష పాసవ్వాలి. కోర్సు చేసి పాసవ్వొచ్చు, అంత నమ్మకముంటే పద్దెనిమిది దాటినవాళ్ళు నేరుగా పరీక్షకే కూర్చోవచ్చు. ఎండార్స్‌మెంట్ లేకుండా దొరికితే పోలీసులు బండిని అక్కడికక్కడే టో చేయించవచ్చు. హెల్మెట్ 1990 నుంచి అందరికీ తప్పనిసరి. ఐదేళ్ళ లోపు పిల్లల్ని బండెక్కించకూడదు. రెండు లేన్ల మధ్య సందులోంచి దూరిపోకూడదు. ఆర్టీసీ బస్సుకీ ఆటోకీ మధ్య జానెడు జాగాలోంచి అద్దాలు మడిచి మరీ బయటపడ్డ అమీర్‌పేట వీరుడికి ఈ చివరి నిబంధన వ్యక్తిగత అవమానంలా తోస్తుంది.

ఈ అవమానాన్ని దిగమింగుకోలేని వాళ్ళని దక్షిణంగా యాభై మైళ్ళ పైచిలుకు దూరంలో ఉన్న జాయింట్ బేస్ లూయిస్-మెకార్డ్ గేటు దాకా ఒకసారి పంపాలి. ఫోర్ట్ లూయిస్‌ని, మెకార్డ్ వైమానిక స్థావరాన్ని 2010లో కలిపి చేసిన సైనిక స్థావరం అది. సుమారు పందొమ్మిది టన్నుల బరువుండే స్ట్రైకర్ కవచ వాహనాలు తోలే కుర్రాళ్ళు అక్కడుంటారు. ఇరాక్‌లో రోడ్డు పక్క బాంబుల మధ్య అవే బండ్లు నడిపి తిరిగొచ్చినవాళ్ళూ ఉంటారు. అటువంటి సైనికుణ్ణి కూడా అమెరికా సైన్యం మోటార్‌సైకిల్ విషయంలో నమ్మదు. ముందు కోర్సు, తర్వాతే బండి. బేస్ లోపలే కాదు, డ్యూటీ అయ్యాక సొంత పనిమీద ఊళ్ళోకి వెళ్ళినా అదే రూలు. బేసిక్ కోర్సు అయ్యాక ఏడాదిలోపు రెండోది. ఆ తర్వాత కొన్నేళ్ళకోసారి మళ్ళీ. 180 రోజులకు పైగా యుద్ధభూమికి వెళ్ళొచ్చినవాడు బండెక్కే ముందు మళ్ళీ ఒక రిఫ్రెషర్ చేయాలి. ఈ చదువంతా సైన్యం ఖర్చుతోనే. ఆర్నెల్లు తుపాకీ పట్టి వచ్చినవాడి చేతికి క్లచ్ మరపుకొచ్చి ఉంటుందని సైన్యం అనుమానం. మనవాడు పదమూడేళ్ళుగా కారు తప్ప ఏదీ తోలలేదు. అతని చేతికి మరపు రాదు, ఎందుకంటే పదో క్లాసు.

గేటు దగ్గర తతంగం ఇంకా చూడముచ్చటగా ఉంటుంది. అమెరికా రక్షణ శాఖ 6055.04 నంబరు ఆదేశం ప్రకారం బేస్‌లో బైకు నడిపేవాడికి ప్రమాణాలకు తగిన హెల్మెట్, కళ్ళకు అడ్డం, నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, వేళ్ళన్నీ మూసే గ్లౌజులు, చీలమండ దాటిన గట్టి బూట్లు ఉండాలి. పార్కింగ్ లాట్‌లో బండి ఒక వరస నుంచి ఇంకో వరసకి మార్చడానికి కూడా ఈ వేషం విప్పకూడదు. ఇది అతి అని నవ్వుకునేవాళ్ళకి నవ్వుకునే హక్కుంది. నలభై అడుగుల దూరానికి గ్లౌజులు తొడుక్కునే సార్జెంటును చూస్తే నవ్వు రావడం సహజమే. కానీ సైన్యానికి ఈ చాదస్తం ఊరికే పట్టుకోలేదు. 2008 అక్టోబరు నాటికి అంతకు ముందు పన్నెండు నెలల్లో ఇరాక్‌లో శత్రువుల చేతిలో చనిపోయిన అమెరికన్ మెరైన్లు 20 మంది. అదే కాలంలో సొంత దేశంలో మోటార్‌సైకిళ్ళ మీద పోయినవాళ్ళు 25 మంది. ఒక్కరు తప్ప అందరూ స్పోర్ట్స్ బైకుల మీదే. శత్రువు కన్నా సుజుకీ ఎక్కువమందిని తీసుకుపోతోందని తేలాక ఏ సైన్యాధికారైనా ఏం చేస్తాడు? శత్రువుతో పోరాడ్డానికి శిక్షణ ఇచ్చినట్టే దీనికీ ఇచ్చాడు.

ఆ సైనికుల్లో తెలుగువాళ్ళు లేరనుకోనక్కర్లేదు. పౌరసత్వం, గ్రీన్ కార్డు లేకపోయినా అవసరమైన భాష వస్తే సైన్యంలో చేర్చుకునే మావ్‌నీ పథకం 2009లో మొదలై 2016లో ఆగింది. ఆ భాషల జాబితాలో తెలుగు ఉంది. ఎమ్మెస్ చదవడానికొచ్చి యూనిఫాం తొడుక్కున్న మన కుర్రాళ్ళూ బైకు కొంటే ఆ కోర్సులోనే కూర్చోవాలి. పదో క్లాసు కథ అక్కడ సార్జెంటుకు చెప్పి చూడొచ్చు.

ఇక్కడ రెడ్‌మండ్ గురించి ఒక ముక్క చెప్పుకోకపోతే అన్యాయం. సైనికుల తలకు తొడిగే హోలోలెన్స్ తరహా పరికరాల కోసం మైక్రోసాఫ్ట్ 2021లో అమెరికా సైన్యంతో ఒప్పందం కుదుర్చుకుంది. పదేళ్ళలో 2,188 కోట్ల డాలర్ల దాకా వెళ్ళగలిగిన ఒప్పందం. ఇతరుల తలమీద ఏముండాలో అంత లోతుగా ఆలోచించిన ఊరు అది. తన తలమీద డబ్బా పెట్టుకోవాలంటే జుట్టు ఊడుతుందని వాపోయే ఇంజినీర్లు ఉన్నదీ ఆ ఊళ్ళోనే.

ఇంతకీ కోర్సులో ఏముంటుంది? వారాంతంలో ఖాళీగా ఉన్న ఏదో ఒక పార్కింగ్ లాట్. నేలమీద గీతలు, నారింజ రంగు కోన్లు, చిన్న ఇంజను బైకులు ఓ పది. 1973లో పెట్టిన మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ వాళ్ళ పాఠమే సైన్యంలోనూ బయటా ఎక్కువగా నడుస్తుంది. మనవాడు మొదటి గంటంతా విసుగ్గా ఉంటాడు. క్లచ్ సగం వదిలి బండిని నడక వేగంతో కదిలించమంటారు. ఇదీ ఒక విద్యేనా అనుకుంటాడు. తర్వాత గీతల పెట్టెలోపల కాలు కింద పెట్టకుండా యూ టర్న్ తీయమంటారు. అక్కడ మొదలవుతుంది అసలు సినిమా. అతని చూపు ముందుచక్రం మీదుంటుంది. తల తిప్పి వెళ్ళబోయే చోటు చూడమని శిక్షకుడు అరుస్తుంటాడు. మెడ తిరగదు, బండి గీత దాటుతుంది, ఎడమ కాలు నేలకు తన్నుకుంటుంది. పక్కన జీవితంలో బైకు ముట్టుకోని అరవయ్యేళ్ళ రిటైర్డ్ టీచరమ్మ చల్లగా చుట్టు తిరిగి వచ్చేస్తుంది. చెప్పింది చెప్పినట్టు చేసింది కాబట్టి. ఆవిడకి మర్చిపోవాల్సింది ఏమీ లేదు.

తర్వాతది బ్రేకు. తెలుగునాట బండి నేర్పే ప్రతి బాబాయీ మొదటిరోజే చెప్పే మంత్రం: "ముందు బ్రేకు ముట్టుకోకురా, ఎగిరి పడతావ్." ఆ మంత్రంతో పెరిగినవాడు వేగంలో ఆగమంటే కుడికాలితో వెనక బ్రేకును తొక్కి పట్టేస్తాడు. వెనకచక్రం బిగుసుకుపోయి తోకలా ఊగుతుంది, బండి మాత్రం ఆగదు. బండిని ఆపే శక్తిలో దాదాపు డెబ్భై శాతం ముందు బ్రేకుదేనని కోర్సు చెప్తుంది. మెత్తగా మొదలుపెట్టి నొక్కుతూ పోవాలి, అంతే. 1981లో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను చోటుకెళ్ళి పరిశీలించి ఇచ్చిన నివేదికలో సరిగ్గా ఇదే ఉంది. ఎక్కువమంది వెనక బ్రేకు బిగించి జారారు, ముందు బ్రేకు చాలినంత వేయలేదు. ప్రమాదంలో పడ్డవాళ్ళలో 92 శాతం మంది బండి సొంతంగానో, ఇంట్లోవాళ్ళ దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్ళు. బాబాయిలు లాస్ ఏంజెలెస్‌లో కూడా ఉంటారన్నమాట.

బాబాయి సిలబస్‌కి మన దగ్గర విశ్వవిద్యాలయం ఆర్టీవో గ్రౌండు. ఎనిమిది వేస్తే పాస్. ఆ ఎనిమిది కూడా బ్రోకరు ఇచ్చిన బండి మీద, అంతకుముందు వెళ్ళినవాడి చక్రాల జాడలోనే. బ్రేకు అడగరు, పక్కకు తప్పుకోవడం అడగరు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్ళలో నూటికి 44 మందికి పైగా రెండు చక్రాల మీద ఉన్నవాళ్ళే. హెల్మెట్ లేక పోయినవాళ్ళు 50,029 మంది. వీళ్ళలోనూ ఎందరు పదో క్లాసు నుంచీ నడుపుతున్నారో ఆ లెక్కల్లో లేదు.

నిజానికి కోర్సును ఎదిరించేవాళ్ళ చేతికి ఒక మంచి ఆయుధం ఉంది. పాపం, వాళ్ళకది ఉన్నట్టే తెలీదు. మోటార్‌సైకిల్ శిక్షణ ప్రమాదాలను తగ్గిస్తుందా అని ప్రపంచంలోని అధ్యయనాలన్నీ వెతికి 2010లో కాక్రేన్ సమీక్ష చేశారు. దొరికిన అధ్యయనాల నాణ్యత అంతంతమాత్రం కాబట్టి తగ్గిస్తుందనీ, తగ్గించదనీ తేల్చి చెప్పలేమన్నారు. హెల్మెట్ సంగతి అలా కాదు. నడిపేవాడి మరణాన్ని తప్పించడంలో దాని ప్రభావం 37 శాతమని అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనా. అంటే వారాంతపు కోర్సు ఎవరినీ చిరంజీవిని చేయదు. ఆ సమీక్షను పట్టుకుని వాదిస్తే సైన్యాధికారి కూడా కాస్త తడబడతాడు. ఏం లాభం? పాట్‌లక్‌లో ఇది పనికిరాదు. అక్కడ కావలసింది "మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" తరహా సాక్ష్యం.

రెండు రోజుల తర్వాత మనవాడు ఎలాగో పాసయ్యాడనుకోండి. సర్టిఫికెట్ ఫొటో ఆదివారం సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. సోమవారానికి అతనే శిక్షకుడు. "ముందు బ్రేకే అసలు బ్రేకు బ్రదర్, మీకెవరికీ తెలీదు" అంటాడు. వచ్చే శనివారం బిర్యానీ పూర్తయ్యేలోగా చూపు, మలుపు, క్లచ్ అన్నిటి మీదా ఉపన్యాసం. కోర్సు వేస్టని తను అన్నట్టు ఎవరైనా గుర్తుచేస్తే, అది వేరే కోర్సు గురించి అంటాడు.

డిసెంబరులో సెలవులకు హైదరాబాద్. బావమరిది పల్సర్ తాళాలు చేతికొస్తాయి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ రోడ్లలో మాత్రం హెల్మెట్ బుద్ధిగా తలమీదుంటుంది, మిలటరీ వాళ్ళుంటారని. కంటోన్మెంట్ దాటగానే అది అద్దానికి వేలాడుతుంది. ముందు ట్యాంకు మీద ఆరేళ్ళ కొడుకు. రెడ్‌మండ్‌లో వీధి చివరిదాకా సైకిల్ తొక్కినా గడ్డం కింద పట్టీ బిగించందే వాణ్ణి వదలరు. ఇదేమిటని అత్తగారు అడిగితే ఇప్పుడతనికి చట్టం కూడా వచ్చు. పిల్లల హెల్మెట్, సేఫ్టీ హార్నెస్, నలభై కిలోమీటర్ల వేగం అని 2022లో తెచ్చిన నిబంధన నాలుగేళ్ళ లోపు వాళ్ళకేనట, మన బాబుకి ఆరు కదా అని వివరిస్తాడు. నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలనే 129వ సెక్షన్ దాకా అతని చదువింకా సాగలేదు.