దుత్త మీద కోపం

డయల్ అప్ రోజుల్లో ఇంట్లో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది మోడెమ్. కీచుమని, బుసకొట్టి, నానా యాగీ చేసి ఎలాగో కలిసిన కనెక్షన్ కాసేపటికే తెగిపోతే చేతికి అందేది అదొక్కటే కదా! నెత్తిన ఓ మొట్టికాయ, పైన ‘నాసిరకం సరుకు’ అని బిరుదు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. ఆ కేసు మళ్లీ తిరగతోడితే మోడెమ్ నిర్దోషి అనీ, చాలా ఇళ్లలో అసలు దోషులు గోడ వెంట పాకిన తీగ, ఆ తీగను పంచుకున్న ఇంటివాళ్లే అనీ నా వాదన.

టెలిఫోన్ లైను వేసింది మనుషుల మాటల కోసం. సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనులే అందులో సాఫీగా నడుస్తాయి. 1998లో వచ్చిన వి.90 పద్ధతి ఆ ఇరుకు లైనులోంచే సెకనుకు 56 వేల బిట్లు దించుకోవచ్చంది, కాగితం మీద. ఇంత సున్నితమైన వ్యవహారం నడుస్తుండగా పడగ్గదిలో ప్యారలల్ ఫోన్ ఎత్తి ఎవరో ‘హలో... ఏంటీ కుయ్యిమంటోంది?’ అంటారు. ఆ హలో మోడెమ్ చెవిన పడుతుంది, అవతలి నుంచి రావాల్సిన సంకేతం నీరసిస్తుంది. క్యారియర్ అనే ఆ సంకేతం వినబడకపోతే ఎంతసేపు ఓర్చుకోవాలో చెప్పే ఎస్10 అనే రిజిస్టరు ఒకటి ఉంటుంది. చాలా మోడెమ్‌లలో దాని విలువ 14, అంటే 1.4 సెకన్లు. ఒక్క హలోతో సరిపెడితే బతికిపోయేదేమో. మనవాళ్లు ‘హలో, హలో, ఎవరండీ మాట్లాడేది?’ దాకా వెళ్లందే రిసీవర్ దించరు. కాల్ వెయిటింగ్ ఉంటే ఆ బీప్ కూడా చాలు, పీకల మీదికి తేవడానికి.

‘ఫోన్లో మాట శుభ్రంగా వినబడుతోందే, లైనుదేం తప్పు?’ అంటారు. చెవి మహా ఉదారమైనది. గరగరలో సగం మాట మునిగిపోయినా మిగతాది ఊహించుకుంటుంది. మోడెమ్‌కు ఊహ లేదు. చెడిపోయి వచ్చిన ముక్కను మళ్లీ పంపమంటుంది, వేగం తగ్గించి చూస్తుంది, అప్పటికీ కుదరకపోతేనే పెట్టేస్తుంది. అనుమానం తీరాలంటే ప్యారలల్ ఫోన్లన్నీ పీకేసి, లైను ఇంట్లోకి వచ్చేచోట ఉన్న రోజెట్ పెట్టె దగ్గరే పొట్టి తీగతో మోడెమ్ తగిలించాలి. అక్కడ గంటసేపు నిలిచిందంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. పెట్టె మూత తీస్తే స్క్రూ కింద పచ్చగా చిలుము పట్టిన రాగితీగ, పక్కనే మెలితిప్పి టేపు చుట్టేసిన అతుకు దర్శనమిస్తాయి. అక్కణ్ణుంచి కంప్యూటర్ దాకా మంచం కిందుగా, కరెంటు వైర్లను రాసుకుంటూ సాగే పొడుగు తీగ సరేసరి.

‘కొత్త మోడెమ్ కొన్నాకే కదా బాగుపడింది?’ అనేవారూ ఉన్నారు. కొన్నిచోట్ల నిజమే. తన పనంతా ప్రాసెసర్ నెత్తిన రుద్దే విన్‌మోడెమ్‌ల తరఫున నేను వకాల్తా పుచ్చుకోను. కానీ కొత్తది బిగించేటప్పుడు వదులుగా ఉన్న జాక్ ఊడదీసి గట్టిగా పెడతారు, తీగ కూడా మారుస్తారు. మెప్పు మాత్రం మోడెమ్‌కు! ఇక ‘ఇన్ని నిమిషాలు ఖాళీగా ఉంటే కట్ చెయ్యి’ అన్న గడిలో విండోస్ పెట్టిన టిక్కును ఎవరూ చూడరు.

గరగర లైను తెగకుండా ఉండేందుకు వేగానికి పగ్గం వేయమంటే మాత్రం కయ్యానికొస్తారు: ‘56 కొని 33.6తో నడపాలా?’ లెక్క చూడండి. 5 మెగాబైట్ల ఫైలు 33.6 వేల బిట్ల వేగంతో సుమారు 21 నిమిషాల్లో దిగుతుంది, 48 వేలతో 15 లోపే. కానీ 14వ నిమిషంలో లైను తెగితే, డౌన్‌లోడ్ మేనేజర్ లేనివాళ్లకు మళ్లీ మొదటి నుంచి భాగవతమే. నెమ్మదిగా వెళ్లినవాడే ముందు చేరతాడు, ఫోన్ బిల్లూ తక్కువే.

లోకజ్ఞానం ఉన్నవాళ్లు ఫోన్ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి ‘నెట్ ఆగిపోతోందండీ’ అనేవారు కారు. అలా అంటే కంప్యూటర్ చూపించుకోమంటారని వాళ్లకు తెలుసు. ‘మాటలో గరగర వస్తోంది’ అనేవారు. అప్పుడు లైన్‌మన్ వచ్చేవాడు. ఇప్పటికీ రాగితీగ మీద బ్రాడ్‌బ్యాండ్ వాడుతున్నవారు ఉంటే, కొత్త మోడెమ్ కొనేముందు మీరూ గరగర గురించే ఫిర్యాదు చెయ్యండి.