తొమ్మిది హెచ్ మాహాత్మ్యము

ఆదివారము ప్రొద్దుట నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనుక సందులలో నడచువారికి ఇటీవల నొక నూతన వ్రతము కన్నుల బడుచున్నది. గృహస్థు తెల్లవారకముందే లేచి, రెండు బకెట్లు ముందుంచుకొని, ఒకదానియందు షాంపూ నురుగును రెండవదానియందు శుద్ధోదకమును నింపి, తన కారునకు సాంగోపాంగముగా అభిషేకము గావించి, మైక్రోఫైబర్ వస్త్రముతో ఒత్తి, పిమ్మట సెల్‌ఫోను దీపమును బానెట్టుపై వాలుగా ప్రసరింపజేసి, కన్నులు చికిలించుకొని, వలయాకారపు సన్నని గీతలకై వెదకును. గీతలు కనబడినచో దుఃఖించును. కనబడకున్నచో మరింత దుఃఖించును, ఏలయన వేలు పోసి తెప్పించుకొనిన పాలిషర్ యంత్రమునకు అప్పుడు పని లేకపోవును.

ఇదంతయు రంగును రక్షించుటకట. ఆ రక్షణ యెట్టిదో కొంచెము విచారింతము. కారు రేకుపై ప్రైమరు, దానిపై రంగు, ఆపైన క్లియర్ కోట్ అను పారదర్శకమగు పొర యుండును. ఆ పై పొర మందము సాధారణముగా 40, 50 మైక్రాన్లు, అనగా మన తలవెండ్రుక కంటెను పలుచన. ఎండలోని అతినీలలోహిత కిరణములు లోని రంగును వెలవెలబార్చకుండ కాచునది ఆ పొరయే. పాలిషర్ చేయు చికిత్స గీతను పూడ్చుట గాదు. గీత యడుగు వరకు చుట్టునున్న పొరనంతయు అరగదీయుట. కాంపౌండు డబ్బాలోనున్నవి సానబట్టు రేణువులే గాని సంజీవని గాదు. రుద్దిన మారెల్ల ఒకటి రెండు మైక్రాన్లు గుడ్డకంటి పోవుచుండగా, నెలనెలా రక్షించువాడు కొన్ని యేండ్లలో రక్షింపవలసినదానినే నిశ్శేషముగా హరించును. బానెట్టు మలుపులయందు, తలుపుల అంచులయందు పొర ముందుగా చిరుగును. అప్పుడు రక్షకుడు డెంటింగు పెయింటింగు షాపువానిని వెదకుకొనుచు బయలుదేరును.

తరువాతిది సెరామిక్ కోటింగు. దాని కిరీటము తొమ్మిది హెచ్. చిటికెనవ్రేలంత సీసాపై ఈ యంకెను చూచినంతనే మనవారికి వజ్రము స్ఫురించును. ఇక ఏ ఆకతాయి మేకుతో గీచినను మేకే వంగిపోవునని వారి విశ్వాసము. అయ్యా, అది పెన్సిలు లెక్క. మెత్తని 9బి మొదలు గట్టి 9హెచ్ వరకు గల పెన్సిళ్లను పూతపై వాలుగా నొక్కి తోసి, ఎంత గట్టి పెన్సిలుకు గీత పడలేదో చూచి వ్రాసికొను పరీక్ష యది. కావున తొమ్మిది హెచ్ పూసిన కారు డ్రాయింగు విద్యార్థుల బారినుండి సర్వవిధముల సురక్షితము. ఆదివారము అబిడ్స్ కాలిబాటలపై పాతపుస్తకములు పరచునపుడు అట్టి విద్యార్థులు విరివిగా సంచరింతురు గనుక ఆ మేరకు ప్రయోజనము లేకపోలేదు. కాని హైదరాబాదు దుమ్ము పెన్సిలు గాదు. ఈ నగరము నిలిచియున్నది సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటుపై. పునాదులకై బండ పగులగొట్టిన చోటనెల్ల ఆ శిలలోని క్వార్ట్జు రేణువు గాలిలోనికి లేచి కారుపై వాలును. ఖనిజముల కాఠిన్యమును కొలుచు మోస్ మానమున దాని స్థానము 7. ఇనుప మేకు దానికి తీసికట్టు.

కోటింగు మహిమకు నిదర్శనముగా నీటిబిందువులు జారిపోవు దృశ్యమును వీడియో తీసి బంధువులకు పంపుదురు. బోరునీటిలోని సున్నపు లవణముల ప్రస్తావన అందుండదు. జారక ఎండలో నాగిపోయిన ప్రతి బిందువును ఒక తెల్లని వలయమును విడిచి ఆరును. దానిని తొలగించుటకు మరియొక సీసా.

ఇంతయు చేసి కారును ఎచ్చటికి తీసికొనిపోవుదురు? 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టుకు, ఐస్‌క్రీము తినుటకు. అచ్చటి పావురములకు తొమ్మిది హెచ్ పట్ల గౌరవము లేదు. వాని రెట్టలోని ఆమ్లము ఎండకు కాగిన రంగులోనికి దిగుటకు ఎంతో సేపు పట్టదు. లేదా జనవరిలో నుమాయిష్‌కు. 1938లో బాగే ఆమ్‌లో ఆరంభమై 1946లో ఇప్పటి మైదానమునకు మారిన ఈ ప్రదర్శన సాగు దినములలో, దారి ప్రక్క నిలిపిన కారు సర్వజనుల ఆస్తి: ఒకడు ఆనుకొని పల్లీలు తినును, ఒకామె బానెట్టుపై సంచి దించును, ఒక చిరంజీవి దుమ్ముపై తన పేరు వ్రాసికొనును.

ఈ నగరమున రంగును కాపాడుకొనదగిన కారొకటి యుండెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కోరి చేయించుకొనిన 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ అది. కారు రాకమునుపే, 1911లో, ప్రభువు కన్నుమూసెను. అది నడచినది కొన్ని వందల మైళ్లకు మించదు. అయినను దశాబ్దములు మూలబడియుండి, తుదకు పునరుద్ధరింపబడి గాని చౌమహల్లా ప్యాలెసులో జనుల కంట పడలేదు. నడవని బండికే ఆ గతి పట్టగా, ఆటోల నడుమ నడచు బండి మాట చెప్పనేల?

విచిత్రమేమనగా, ఆదివారము గీతలకై దీపము పట్టు గృహస్థుడే తక్కిన దినములలో ఆ గీతల సృష్టికర్తకు, అనగా కార్లు తుడుచు కుర్రవానికి, నెలజీత మిచ్చుచున్నాడు. అపార్టుమెంటు కార్లన్నిటికిని ఒకే బకెట్టు, ఒకే గుడ్డ. మొదటి కారు ఇసుక చివరి కారు వరకు సమానముగా పంచబడును. కుర్రవానిని నిందింపరాదు, వానికి వేరు గుడ్డ కొనిచ్చినవాడు లేడు. ఆ గుడ్డ గీచుటయు ఈ యంత్రము చెరపుటయు, మధ్య నలిగిపోవునది 50 మైక్రాన్లు.

కనుక పాఠకులారా, ఎండుగుడ్డతో తుడుచుట మాన్పించుడు. ముందు నీరు ధారాళముగా పోసి దుమ్మును జారనిచ్చి, తరువాత గుడ్డ తాకించుడు. రెట్టను నానబెట్టి అదే దినమున తీయుడు. నీడ దొరికిన నీడలో నిలుపుడు. ఎప్పుడైన నింత మైనము పూయుడు. ఇంతటితో తృప్తి చెందక యంత్రము చేతబట్టు భక్తులు, తమ కారు ముగిసిన పిమ్మట ప్రక్కింటివారి కారు వంక చూడకుందురు గాక. వారి క్లియర్ కోట్ కూడ అంతే పలుచన.