పైసా వసూల్ పులి

సచిన్‌లో ఉంటానంటే సిరిసిల్లలో మా వాళ్ళకు బ్యాటు గుర్తొస్తుంది. నాకు సాంచాల, అంటే మరమగ్గాల, మోత గుర్తొస్తుంది. సూరత్‌కు దక్షిణాన, ముంబై రైలు మార్గంలో, భేస్తాన్ పక్క స్టేషన్ మాది. ఒకప్పుడు ఇదీ సంస్థానమే. ఆఫ్రికా మూలాలున్న సిద్దీ నవాబులు 1791 నుంచి దేశానికి స్వాతంత్ర్యం వచ్చేదాకా ఏలారు. ఇప్పుడు ఏలుతున్నది జీఐడీసీ పారిశ్రామికవాడ. వాన పట్టిందంటే ఇక్కడి తెలుగువాళ్ళ నోట రెండే ప్రశ్నలు: ఉకై డ్యాం ఎంత నిండింది, ఆదివారం ఎటు పోదాం. ఉకైకి 345 అడుగులని ఒక లెక్కుంది. ఆదివారానికి అదీ లేదు.

"వానల జూకు పోతే మజా ఉంటది బావా. జంతువులన్నీ బయటికొచ్చి ఎగురుతయ్," అన్నాడు మా బావమరిది. ఈ శాస్త్రం ఆయనకు ఫోన్లో దొరికింది. ఎక్కడో ఒక నెమలి చినుకుల్లో పురి విప్పింది. ఆ ఒక్క నెమలి చేసిన పనిని ఏనుగు నుంచి ఎలుగుబంటి దాకా అందరికీ అంటగట్టేశాడు. పిల్లలకు విజ్ఞానం కూడా వస్తుందట. విజ్ఞానం పేరు చెబితే మా ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు.

ఊరికి ఈ కొసన మేం, ఆ కొసన జూ. సర్థాణా జకాత్‌నాకా దగ్గర, తాపీ ఒడ్డున, 81 ఎకరాల్లో మునిసిపల్ కార్పొరేషన్ వాళ్ళు 1984లో పెట్టారు. శ్యామాప్రసాద్ ముఖర్జీ పేరుంది గానీ ఆటోవాలాకు సర్థాణా అంటేనే తెలుస్తుంది. మా హైదరాబాద్ జూ 380 ఎకరాలు, దాని ముందు ఇది చిన్నదే. రెండు పక్కలా పరదాలు కట్టిన ఆటోలో ఏడుగురం కుక్కుకుని బయల్దేరాం. ఆ పూట బోనులో ప్రయాణించింది ఎవరో జంతువులకు తెలీదు.

సింహం దగ్గరికి వెళ్ళేసరికి అక్కడో తిరునాళ్ళ. సింహం మాత్రం లేదు. లోపల పొడి నేల మీద పడుకుందేమో, తోక చివర ఒక్కటి గుమ్మం దగ్గర కనిపిస్తోంది. ఇంత వానలో ఇల్లున్నవాడెవడైనా అదే చేస్తాడు. కానీ జనం ఒప్పుకోలేదు. ఒకాయన ఈల వేశాడు. ఒకాయన గొడుగుతో కమ్మీని టకటకలాడించాడు. మా బావమరిది రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి తానే గర్జించాడు. తోక కదిలింది, లోపలికి పోయింది. ఉన్న ఆ కాస్తా పాయె. వన్యప్రాణి రక్షణ చట్టంలో 38జె అని ఒక సెక్షన్ ఉంది. జూలో జంతువుల్ని ఆటపట్టించడం, వాటికి తిండి వేయడం, చప్పుళ్ళు చేసి వాటి ప్రశాంతత చెడగొట్టడం, చెత్త వేయడం నేరాలని చెబుతుంది. మా వాళ్ళు పావుగంటలో సెక్షన్ మొత్తం పూర్తి చేశారు. చెత్త ఒక్కటే మిగిలిందనుకుంటుండగా, తిన్న మక్కకంకి బెండు కందకంలో పడింది.

"పైసలు తీసుకుని పండుకునుడేంది?" అని బావమరిది అడిగిన ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. సింహం రోజుకు ఇరవై గంటల దాకా పడుకుంటుంది. సాంచాల ఖాతాలో పన్నెండు గంటల షిఫ్టు నిలబడే మనిషికి దాన్ని చూసి ఒళ్ళు మండటంలో అన్యాయమేం లేదు. అన్యాయమల్లా సేఠ్ మీద రావాల్సిన కోపం సింహం మీదికి మళ్ళడంలో ఉంది. సేఠ్ బోను దగ్గర ఈల వేసే ధైర్యం మనకెక్కడిది?

సింహం చేయిచ్చాక వేట తెల్లపులి మీద పడింది. "వింత జంతువు ఒక్కటన్న సూపియ్యకుంటే ఎట్ల?" వింత అంటే తెల్లగా ఉండాలి. పెళ్ళి సంబంధాల్లో మనకున్న పట్టింపే, పులి దాకా పాకింది. అసలు తెల్లపులి అంటూ వేరే జాతి లేదు. 1951లో రీవా మహారాజు అడవిలో ఒక తెల్లకూన దొరికింది, మోహన్ అని పేరు పెట్టారు. మామూలు ఆడపులితో జత కట్టిస్తే మామూలు కూనలే పుట్టాయి. అప్పుడు దాన్ని సొంత కూతురితోనే జత కట్టించారు. 1958లో తెల్లకూనలు దిగాయి. తర్వాత ప్రపంచమంతా జూల్లో జనం నోరు తెరుచుకుని చూసిన తెల్లపులుల్లో చాలావాటికి ఆ మోహనే మూలపురుషుడు. ఆ సంసారానికి గుర్తుగా చాలావాటికి మెల్లకన్ను. మేనరికాలకే డాక్టర్లు వద్దంటున్న రోజులివి. అమెరికా జూల సంఘం 2011లోనే ఇలా రంగు కోసం పుట్టించడం మానమని తన సభ్యులకు చెప్పింది. ఇదంతా వానలో నిలబడి చెప్పాను. "అంటే ఇక్కడ లేదంటవ్," అన్నాడు బావమరిది.

బోర్డు చదివినవాణ్ణి ఆ రోజు ఒక్కణ్ణీ చూడలేదు. చదవడానికి ఆగితే మన గొడుగు నీళ్ళు వెనకవాడి నెత్తిన పడతాయి. విజ్ఞానానికి అదో అడ్డంకి.

తిరిగొస్తుంటే నీటికుక్కల గుంట వచ్చింది. ఊరంతా వానను తిట్టుకుంటుంటే పండగ చేసుకుంటున్నవి అవే. ఒకటి నీళ్ళలోంచి తల పైకెత్తింది, మీసాల చివర్లలో చినుకులు. పిచ్చుక గొంతుతో కిచకిచమంది. ఇంకోటి గట్టు మీద వెల్లకిలా పడి, తోలు వేళ్ళ ముందుకాళ్ళతో చేప తలకాయ పట్టుకుని, మా నాయనమ్మ బొమికె చీకినంత శ్రద్ధగా కొరుకుతోంది. తడిసిన బొచ్చు నూనె రాసినట్టు ఒంటికి అంటుకుపోయింది. ఒక్కసారి దులుపుకుంటే మళ్ళీ ముళ్ళు ముళ్ళుగా లేచింది.

"ముంగిసలా ఇవి?" అన్నాడు మా బావమరిది, నడక ఆపకుండానే.

మాతో వచ్చిన కాకినాడాయన హజీరాలో వెల్డరు. ఆయన పగలబడి నవ్వాడు. "నీటికుక్కలండీ బాబూ! మా వైపు చేపల చెరువు మీద పడ్డాయంటే దుంప తెంచేస్తాయి. వీటికి టికెట్టా!" నిజమే, వాళ్ళ వైపు కోరింగ మడ అడవుల్లో తిరిగేవి ఈ జాతివే. అయితే నీటికుక్కల్ని బోనులో ఉంచి పిల్లల్ని పెట్టించడంలో దేశంలో పేరున్న జూ సర్థాణాదే. ఆ పిల్లల్ని వేరే జూలకిచ్చి బదులుగా సింహాల్ని తెచ్చుకున్నారు. నీటికుక్కలకు సింహాలు! ఆ బేరం కుదిర్చినవాళ్ళకు తెలిసిన ధర, సింహం తోక కోసం గంట నిలబడ్డ మాకు తెలీలేదు. 2019 నుంచి వీటి అంతర్జాతీయ వ్యాపారం మీద గట్టి నిషేధం ఉంది, పులికి ఉన్నట్టే. మడ అడవిలో ఊరికే కనిపిస్తాయి గనక నీటికుక్కలు వింత కాదు. అలాగని ఆ మడ అడవికి మా కాకినాడాయన ఎన్నిసార్లు వెళ్ళాడని అడిగాను. "ఎందుకండీ, దోమలు!" అన్నాడు.

ఆటోలో అందరూ అలసిపోయి మౌనంగా ఉన్నారు. బావమరిది మాత్రం ఫోన్లో ఏదో కష్టపడుతున్నాడు. ఉధ్నా దాటేసరికి ఆయన స్టేటస్ నా ఫోన్లో టింగుమంది. మంచులో నిలబడ్డ ధగధగలాడే తెల్లపులి. కింద "సూరత్ జూల ఫ్యామిలీతో". సిరిసిల్ల నుంచి మా పెద్దత్త వెంటనే అడిగింది: "అబ్బ, ఎంత తెల్లగున్నదిరా! టికెట్టెంత?"

ఆయన నా వైపు చూశాడు. "బావా, వచ్చే ఆదివారం అత్తను పిలుద్దామా?"