ప్రైవేటు హాస్టళ్ల శాఖ వారికి, ఉంటే

మహారాజశ్రీ ప్రైవేటు హాస్టళ్ల శాఖ ఉన్నతాధికారి గారి దివ్యసముఖమునకు,

చాట్రాయి నుంచి ఒక మామిడి రైతు నమస్కరించి చేసుకొను విన్నపము. తమరి ఆఫీసు ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోయారు. అడిగిన ప్రతి చోటా పక్క ఆఫీసు చూపించారు. ఊరూరా ఇన్ని హాస్టళ్లుండగా వాటికొక శాఖ లేకుండా పోతుందా అన్న ధైర్యంతో రాస్తున్నాను.

తమరు క్షేమమని తలుస్తాను. మేం క్షేమంగా లేం. విశాఖలో చదివే మా పెద్దమ్మాయి మద్దిలపాలెం హాస్టల్ ఖాళీ చేస్తే, కట్టిన 8,000 అడ్వాన్సులో నిన్న 1,200 తిరిగొచ్చింది. ఫోన్‌పేలో. కింద దండం పెట్టే బొమ్మ కూడా పెట్టారు.

మిగతాది కోతలు. మెయింటెనెన్సు 2,000, గోడలకు రంగు 1,500, నోటీసు ఇవ్వనందుకు 3,000, చీమల మందు 300.

రంగు సంగతే చూడండి. ఫోర్ షేరింగ్ రూము. నలుగురి దగ్గరా పదిహేనువందలంటే ఆరువేలు. నాలుగు మంచాలూ నాలుగు బీరువాలూ పోను ఆ గదిలో బయటికి కనిపించే గోడెంతండీ? పోనీ వేశారా? మర్నాడే అదే మంచం మీదకి శ్రీకాకుళం నుంచి ఇంకో పిల్ల దిగింది. పోయేటప్పుడు ఆ పిల్ల దగ్గరా ఇదే గోడకి ఇదే రంగు కోస్తారు. కాగితం మీద ఇప్పటికి ఎన్ని కోటింగులు పడ్డాయో దానికి!

నోటీసు కూడా అంతే. నెల ముందే మా అమ్మాయి హాస్టల్ నడిపే ఆంటీకి చెప్పింది. ఆంటీకి కాదు, అంకుల్‌కి చెప్పాలట. అంకుల్‌కి వాట్సాప్ పెట్టింది, నీలం టిక్కులు పడ్డాయి. వాట్సాప్ చెల్లదు, రిజిస్టర్‌లో రాయాలట. రిజిస్టర్ అంకుల్ బీరువాలో ఉంటుంది, అంకుల్ ఆదివారం వస్తాడు. ఆదివారం వచ్చింది, అంకుల్ పెళ్లికి పోయాడు. దీన్ని నోటీసంటారా? జేబు కొట్టడమంటారు మా ఊళ్లో. సిగ్గుండొద్దూ మనిషన్నాక!

క్షమించాలి. తమరిని కాదు.

చీమల మందు మాత్రం చెప్పకుండా ఉండలేను. మే నెలలో అంకుల్ నోరు తెరిచి అడిగితే మేం చిన్నరసాల మామిడి బుట్ట కట్టాం. ఏలూరులో రత్నాచల్ రైలెక్కించి పంపాం. ఆంటీ దాన్ని అమ్మాయి గది ముందే పెట్టించింది. చీమలొచ్చాయి. కాయలు వాళ్ల పొట్టలోకి, మందు మా లెక్కలోకి.

మా దగ్గరా అడ్వాన్సులున్నాయి. తోట గుత్తకిచ్చి ముందే డబ్బు పుచ్చుకుంటాం. గాలివానకి కాయ రాలితే గుత్తదారు వచ్చి అరుగు మీద కూర్చుంటాడు, కొంత తగ్గించేదాకా లేవడు. కాగితం ఉండదు, పెద్దమనుషులుంటారు. మద్దిలపాలెంలో ఎవరి అరుగు మీద కూర్చోవాలో తమరే సెలవియ్యాలి.

కాగితాల మాటకొస్తే దేశంలో చాలానే ఉన్నాయి. హాస్టల్ ఇల్లు కాదు, 12 శాతం జీఎస్టీ కట్టాల్సిందేనని 2023లో బెంగళూరు, లక్నోల్లో పన్ను రూలింగులు వచ్చాయి. 2024 జూన్ 22న జీఎస్టీ కౌన్సిల్ కనికరించి, మనిషికి నెలకి 20,000 లోపైతే, వరసగా 90 రోజులుంటే పన్ను వద్దంది. సంతోషం. పన్ను వేయాలన్నా తీయాలన్నా హాస్టల్ సర్కారు కంటికి ఆనుతుందన్నమాట. 2021 జూన్‌లో కేంద్రం ఒప్పుకున్న నమూనా అద్దె చట్టంలో ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదనీ, ఖాళీ చేసిన రోజే లెక్క తేల్చి ఇచ్చేయాలనీ ఉంది. లాడ్జీలకీ సత్రాలకీ మాత్రం వర్తించదట. మరి మా అమ్మాయి ఉన్నది ఇల్లా, లాడ్జీయా, సత్రమా? సత్రమైతే డబ్బులెందుకు తీసుకున్నట్టు?

ఇల్లే అద్దెకి తీసుకోవాల్సింది అంటారేమో. శివాజీపాలెం, ఇసుకతోట, చినవాల్తేరు అన్నీ తిరిగాం. టులెట్ బోర్డు, దాని కింద ఫ్యామిలీస్ ఓన్లీ. ఒకాయన మంచినీళ్లిచ్చాడు, ఊరడిగాడు, ఇంటిపేరడిగాడు, చివరికి 'మీరేమిట్లు?' అని కూడా అడిగాడు. విన్నాక, పోర్షన్ నిన్ననే ఇచ్చేశామన్నాడు. బోర్డు ఇంకా వేలాడుతోంది. ఇంకొకావిడ ఆడపిల్లలు తలస్నానాలెక్కువ చేస్తారు, నీళ్లు చాలవంది.

అసలు పిల్లని విశాఖ దాకా పంపాల్సిన పనే ఉండేది కాదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలైంది మా బెజవాడలోనే. 1930లో విశాఖ వాల్తేరుకి పట్టుకుపోయారు. ఆ పెద్దలు కాస్త ఓపిక పట్టి ఉంచేసుంటే మద్దిలపాలెం హాస్టళ్లన్నీ బెజవాడలో వెలిసేవి, పిల్ల వారం వారం ఇంటికొచ్చేది అంటాను నేను. అంకుళ్లు బెజవాడలో లేరా అంటుంది మా ఆవిడ. పోనీ మాకు దగ్గర్లోని నూజివీడు ట్రిపుల్ ఐటీకి 2008 నుంచి ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి క్యాంపస్‌లోనే ఉంటున్నారు. మా పిల్లకి సీటు రాలేదు, అది వేరే ఏడుపు.

మంగళవారం పప్పు గురువారానికి సాంబారవడం గురించి నేనేమీ అనడం లేదు. గీజరు గంటసేపే వెయ్యడం గురించి, తొమ్మిది దాటితే గేటు బయట నిలబెట్టి తండ్రికి ఫోన్ చేయించడం గురించి కూడా అనడం లేదు. వాళ్ల అమ్మ ఒక్క రాత్రి పడుకున్నందుకు గెస్టు ఛార్జీ వేస్తే అదీ కట్టాం.

2022 ఏప్రిల్‌లో మా మండలాన్ని ఇళ్లతో, తోటలతో సహా కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి మార్చేశారు. ఒక్క ఉత్తర్వుతో అయిపోయింది. నా 6,800 ఒక బీరువాలోంచి నా జేబులోకి మారాలంటే ఎన్ని ఉత్తర్వులు కావాలండీ?

సరే, నా డబ్బులు పోనివ్వండి. కమిటీలొద్దు, తనిఖీలొద్దు. చేరిన రోజే ఒక రసీదు ఇప్పించండి. ఎంత తీసుకున్నారు, పోయేటప్పుడు ఎందుకు, ఎంత కోస్తారు, మానేస్తున్నట్టు ఎవరికి చెప్పాలి, ఇంతే. కింద అంకుల్ సంతకం. అడిగితే, 'నమ్మకం లేకపోతే వేరే చోట చూసుకోండి' అంటున్నారు. వేరే చోటా ఇదే మాటంటున్నారు. తమరు చెబితే వింటారేమో.

మా చిన్నమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. వచ్చే జూన్‌లో మళ్లీ ఎవరో ఒక అంకుల్ చేతిలో పదివేలు పెట్టాలి. ఈలోగా కాస్త చూడండయ్యా.

ఇట్లు,
ఇద్దరు ఆడపిల్లల తండ్రి,
చాట్రాయి