బోర్డు లేని జంతువు

ఏ జూకి వెళ్ళినా ఒక బోర్డు తక్కువ కనిపిస్తుంది. పులి ముందు బోర్డుంది, హిప్పో ముందు బోర్డుంది. పేరేమిటి, ఏం తింటుంది, ఎన్నేళ్ళు బతుకుతుంది, అన్నీ రాసుంటాయి. టికెట్ కొనకుండా లోపలికొచ్చి, ఏ బోనులో భోజనం బాగుంటే ఆ బోనులో విస్తరేసుకునే జంతువు పేరు మాత్రం ఎక్కడా ఉండదు. మన జూలు ఏటా సెంట్రల్ జూ అథారిటీకి జంతువుల లెక్క అప్పజెబుతాయి. పుట్టినవెన్ని, పోయినవెన్ని, వేరే జూ నుంచి వచ్చినవెన్ని అని. ఆ లెక్కలో పందికొక్కుకు గడి లేదు.

ఇది తెలుగుజాతికే అవమానం. ఇంగ్లిషువాళ్ళు ‘బ్యాండికూట్’ అనేది మన పందికొక్కునే. మన ఊళ్ళలో మాట నేర్చుకుని నోరు తిరగక అలా చేశారు. ఆ మాట ఓడెక్కి ఆస్ట్రేలియా దాకా వెళ్ళి, మన కొక్కుతో ఏ చుట్టరికమూ లేని ఒక సంచి జంతువుకు ఇంటిపేరైంది. తెలుగుకు 2008లో ప్రాచీన హోదా ఇచ్చారు గానీ, తెలుగును ఖండాంతరాలు దాటించిన ఈ జీవికి ఒక శాలువా కప్పినవాళ్ళు లేరు. స్వదేశంలో దానికి దక్కేదల్లా ఎన్నికల సభల్లో ‘పందికొక్కుల్లా మెక్కారు’ అన్న తిట్టే. అదీ దానికి కాదు, ఎదుటి పార్టీకి.

జూ సింహానికి జైలు, ఎలుకకు సత్రం. సాయంత్రం పక్షులకు పోసిన గింజల్లో సగం కిందే ఉంటాయి. ఏనుగు వదిలేసిన చెరకు ముక్కలు, కోతి విసిరేసిన అరటిపండు, మనం విసిరిన పాప్‌కార్న్, అన్నీ చీకటి పడేదాకా అక్కడే. సింహం బయటికి రాకుండా కందకం తవ్వించారు. కొక్కు లోపలికి రాకుండా ఎవరూ ఏమీ తవ్వించలేదు. తవ్వడం దాని కులవృత్తి.

ఇంత తిన్న అతిథి ఊరికే పోదు, ఏదో ఒకటి ఇచ్చే పోతుంది. టాక్సోప్లాస్మా సంగతే చూడండి. 1908లో ట్యునీషియాలో చార్లెస్ నికోల్, లూయీ మాన్సో ఈ పరాన్నజీవిని గుండి అనే ఎలుకజాతి జంతువులో కనిపెట్టారు. అందుకే దాని పూర్తిపేరు టాక్సోప్లాస్మా గోండీ. అది సంసారం చేసేది పిల్లిజాతి పేగుల్లో మాత్రమే. కాబట్టి ఎలుకలో ఉన్నప్పుడు దాని ధ్యాసంతా పిల్లి నోటిదాకా ఎలా చేరడమా అనే. ఈ జబ్బు సోకిన ఎలుకలకు పిల్లి వాసనంటే పుట్టుకతో వచ్చిన భయం పోతుందని, కొన్ని ఆ వాసన వైపే వెళ్తాయని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2000లో ప్రకటించారు. ఐదేళ్ళకోసారి మనకొచ్చే జబ్బూ ఇదే గనుక ఎలుకను మరీ వెక్కిరించలేం.

రాత్రి జూలో తిరిగే వీధిపిల్లి ఆ ఎలుకను తింటుంది. కొన్ని రోజులకు ఒక పొద్దున కంగారూల గడ్డి మీద కాలకృత్యాలు తీర్చుకుంటుంది. పిల్లికి మామూలుగా ఏమీ కాదు. పిల్లన్నదే లేని చోట తరతరాలు బతికిన కంగారూలకు, లీమర్లకు మాత్రం ప్రాణం మీదికొస్తుంది. మన కొక్కు పేరు పెట్టుకున్న ఆ ఆస్ట్రేలియా జంతువు కూడా ఈ జబ్బుకు తట్టుకోలేదు.

రెండోది ఒక పురుగు, ఎలుక ఊపిరితిత్తుల రక్తనాళాల్లో కాపురముంటుంది. 1935లో చైనాలోని కాంటన్ ఎలుకల్లో బయటపడింది. దాని పిల్లలు ఎలుక పెంటలోంచి నత్తలోకి, నత్తను ఆకుతో పాటు నమిలిన కోతి మెదడులోకి వెళ్తాయి. అమెరికాలో మయామీ జూలోని ఒక గిబ్బన్‌కు ఇది సోకింది. ఎలుక కోతిని ముట్టుకోనైనా ముట్టుకోదు. పనంతా దళారీ ద్వారా నడుస్తుంది, సంతకం ఎక్కడా దొరకదు.

మూడోదీ పురుగే, పక్కా ప్రభుత్వోద్యోగి. ఎలుక కాలేయంలో ఉంటూ గుడ్లన్నీ అక్కడే పెట్టి తాళం వేస్తుంది. ఎలుక చచ్చి కుళ్ళాలి, లేదా దాన్ని ఇంకో జంతువు తినాలి. అప్పుడుగానీ గుడ్లు బయటికి రావు. వచ్చాక కూడా కొన్ని వారాలు మట్టిలో నానితేగానీ పనికి రావు. బీరువాలో ఫైలు ఇంతకన్నా వేగంగా కదిలిందని విన్నామా?

ఖరీదైన జంతువు పోయాక కమిటీ వేస్తారు. కమిటీ మందు పెట్టమంటుంది. రక్తం గడ్డకట్టనివ్వని ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది. తూలేదాన్ని గుడ్లగూబ పట్టుకుంటుంది, విషం దానికీ ఎక్కుతుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. జీతం అడగకుండా ఎలుకలు పట్టే ఉద్యోగిని మనమే తీసేస్తాం.

చెయ్యాల్సింది చెబితే మీరు నవ్వుతారు. దాణా డబ్బాలకు మూతలు పెట్టాలి. కంతలు పూడ్చాలి, పెన్సిలు దూరే సందు చాలు, చిట్టెలుక దూరిపోతుంది. చీకటి పడకముందే ఎంగిళ్ళు ఊడ్చాలి. చచ్చిన ఎలుకను గోడవతల పారెయ్యకుండా పరీక్షకు పంపాలి. అంతే. ఇందులో రిబ్బను కత్తిరించే చోటు లేదు, శిలాఫలకం వెయ్యడానికి గోడ లేదు. డబ్బా మూతకు ప్రారంభోత్సవం చేసే మంత్రి ఇంకా పుట్టలేదు.

అందాకా మన వంతు మనం చూద్దాం. ఈసారి జూకి వెళ్ళినప్పుడు మీరు విసిరిన పల్లీలు కోతి తినలేదని బాధపడకండి. రాత్రికి తినేవాళ్ళు వస్తారు. వాళ్ళకు కాన్పు మూడు వారాల పని. దయచేసి ఆ పొట్లం మూతి కట్టి ఇంటికి తీసుకెళ్ళండి.